బైబిల్ పాత్రలు, కథల మీద సామాన్య జ్ఞాన పరీక్ష: తప్పు పట్టలేని ప్రశ్నలు ఎలా కూర్చాలి?

ప్రశ్న అడిగినవారు: ఆవగింజ

అందరికీ నమస్కారం. బైబిల్‌లోని వ్యక్తులు, కథల మీద యాభై ప్రశ్నల పరీక్ష ఒకటి తయారు చేస్తున్నాను. రాయబోయేవారు అందరూ ఒకే రకం వారు కారు. కొందరు చిన్ననాటి నుంచి ఆ గ్రంథాన్ని చదువుతున్నవారు, కొందరు కథలు విన్నారే గానీ పుస్తకం తెరవనివారు, ఇంకొందరు వేరే మతాలకు చెందినవారైనా సాహిత్యం మీద, చరిత్ర మీద ఉన్న ఆసక్తితో వస్తున్నవారు. వీరందరికీ ఒకే ప్రశ్నపత్రం ఇవ్వాలి.

నా భయానికి కారణం కిందటిసారి జరిగిన పొరపాటు. ‘నోవహు ప్రతి జాతి నుంచి ఎన్ని జంతువులను ఓడలోకి చేర్చాడు?’ అని అడిగి, జవాబు ‘రెండు’ అని పెట్టుకున్నాను. పరీక్ష ముగిశాక ఒక పెద్దావిడ తన బైబిల్ తెరిచి, ఆదికాండము 7:2 మీద వేలు పెట్టి నాకు చూపించారు. పవిత్ర జంతువుల విషయంలో అక్కడున్న సంఖ్య ఏడు. ఆమె ‘ఏడు’ అని రాసినందుకే నేను మార్కు తీసేశాను. ఆరో అధ్యాయంలో రెండేసి అని చదివి, ఏడో అధ్యాయంలోకి వెళ్లకుండానే ప్రశ్న రాసినందువల్ల జరిగిన తప్పది. ఆ మార్కు ఆమెకు కలిపాను గానీ, పుస్తకాన్ని అంత శ్రద్ధగా చదివిన మనిషికి తప్పు గుర్తు పెట్టినందుకు ఇప్పటికీ మనసు బాధపడుతూనే ఉంది.

ఈసారి సిద్ధం చేసిన ప్రశ్నల్లో నాకు అనుమానంగా ఉన్నవి ఇవి: యేసును చూడడానికి వచ్చిన జ్ఞానులు ఎందరు? యోనాను మింగిన జీవి ఏది? సమ్సోను జుట్టు కత్తిరించింది ఎవరు? గొల్యాతును చంపింది ఎవరు? బైబిల్‌లో అతి చిన్న వచనం ఏది? కిందివారిలో యాకోబు కుమారుడు కానివారెవరు (ఇశ్శాఖారు, ఎఫ్రాయిము, గాదు, నఫ్తాలి)? వీటిలో ఏవి ఉంచవచ్చు, ఏవి మార్చాలి, అసలు ఒక ప్రశ్న సరైనదో కాదో తేల్చుకునే పద్ధతి ఏమిటి అన్నది తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం: ఒలీవకొమ్మ

ఆవగింజ గారూ, మీరు ఇచ్చిన ఆరు ప్రశ్నల్లో ఒక్కటి కూడా ఉన్నదున్నట్టుగా నిలబడదని నా అభిప్రాయం. అలాగని ఒక్కటి తప్ప ఏదీ పారేయాల్సినది కూడా కాదు. ప్రతి ప్రశ్నకూ ముందు మనల్ని మనం అడగవలసింది ఒక్కటే: ఈ జవాబు గ్రంథంలో ఉందా, లేక గ్రంథం గురించి మనం విన్నదాంట్లో ఉందా?

జ్ఞానుల సంగతి తీసుకుందాం. వారి ప్రస్తావన మత్తయి సువార్త రెండో అధ్యాయంలో మాత్రమే ఉంది. బంగారము, సాంబ్రాణి, బోళము అని కానుకలు మూడు చెప్పారు గానీ తెచ్చినవారు ఎందరో చెప్పలేదు. కానుకలు మూడు కనుక మనుషులూ ముగ్గురే అని తరువాతి తరాలు అనుకున్నాయి. వారు రాజులని కూడా అక్కడ లేదు. వారు ప్రవేశించింది ఇంటిలోనికి అని మత్తయి స్పష్టంగా రాస్తే, పశువుల తొట్టి, గొర్రెల కాపరులు ఉన్న దృశ్యం లూకా సువార్త రెండో అధ్యాయానిది. చిత్రాల్లో రెండు సువార్తలూ ఒకే పశువులశాలలో కలిసిపోయాయి. కాబట్టి ‘జ్ఞానులు ఎందరు?’ అనే బదులు ‘మత్తయి సువార్త ప్రకారం జ్ఞానులు సమర్పించిన మూడు కానుకలు ఏవి?’ అని అడిగితే ఏ గొడవా రాదు. కాస్త కఠినంగా కావాలనుకుంటే, నాలుగు సువార్తల్లో ఈ జ్ఞానుల కథ ఎన్నిటిలో ఉందని అడగవచ్చు.

సమ్సోను ప్రశ్నకు చాలామంది దెలీలా అని రాస్తారు. న్యాయాధిపతులు 16:19 ప్రకారం ఆమె అతణ్ని తన తొడమీద నిద్రపుచ్చి, ఒక మనిషిని పిలిపించి, ఏడు జడలనూ క్షౌరం చేయించింది. చేయించింది దెలీలా, చేసినవాడు పేరు లేని మనిషి. ‘సమ్సోను బల రహస్యాన్ని ఫిలిష్తీయులకు చేరవేసింది ఎవరు?’ అని మార్చండి, సరిపోతుంది.

యోనా విషయంలో తెలుగు పాఠకులకు ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. యోనా గ్రంథంలో ఉన్నది ‘గొప్ప మత్స్యము’. కానీ మనలో ఎక్కువమంది చదివే తెలుగు బైబిల్‌లో మత్తయి 12:40 దగ్గర అదే జీవికి ‘తిమింగిలము’ అన్న మాట వాడారు. అక్కడి గ్రీకు మాటకు సముద్రంలోని పెద్ద జంతువు అనే అర్థం గానీ, ఫలానా జాతి అని కాదు. అయినా తెలుగు పుస్తకంలో ఆ మాట అచ్చై ఉన్నప్పుడు ‘తిమింగలం’ అని రాసినవారి మార్కు తీసేయడం న్యాయం కాదు. ఆ జీవిని వదిలేసి, యోనా ఏ రేవులో ఓడ ఎక్కాడు, ఎక్కడికి పోవాలనుకున్నాడు, దేవుడు పంపింది ఎక్కడికి అని అడగండి. యొప్పే, తర్షీషు, నీనెవె అన్న మూడు పేర్లలోనే ఆ మనిషి పారిపోవడం మొత్తం ఉంది.

గొల్యాతు ప్రశ్న తేలికైనదిగా కనిపిస్తుంది. మొదటి సమూయేలు 17లో దావీదు చంపాడు. అయితే రెండవ సమూయేలు 21:19 హెబ్రీ పాఠంలో గిత్తీయుడైన గొల్యాతును ఎల్హానాను చంపాడని ఉంది, మొదటి దినవృత్తాంతములు 20:5లో ఎల్హానాను చంపింది గొల్యాతు సోదరుడైన లహ్మీని అని ఉంది. ఈ మూడింటినీ ఎలా సమన్వయం చేయాలన్నది పండితుల చర్చ. మీ పరీక్షకు ‘మొదటి సమూయేలు 17వ అధ్యాయంలో’ అన్న మాట ముందు చేర్చితే చాలు.

యాకోబు కుమారుల ప్రశ్నలో మీరు ఆశించిన జవాబు ఎఫ్రాయిము. అతడు యోసేపు కుమారుడు, అంటే యాకోబు మనుమడు. కానీ ఆదికాండము 48:5లో యాకోబు, ఎఫ్రాయిము మనష్షేలు తనకు రూబేను షిమ్యోనులవంటి బిడ్డలేనని చెప్పి వారిని తన కుమారులుగా స్వీకరిస్తాడు. లోతుగా చదివినవారికే ఈ సందేహం వస్తుంది. ‘యాకోబుకు పుట్టిన కుమారుడు కానివారు’ అని ఒక్క మాట మార్చండి.

అతి చిన్న వచనం ప్రశ్నను మాత్రం తీసేయమనే చెబుతాను. దానికి యోహాను 11:35, అంటే ‘యేసు కన్నీళ్లు విడిచెను’ అన్న జవాబు ప్రచారంలో ఉంది. అది ఇంగ్లీషు బైబిల్ చదివినవారు చెప్పుకున్న జవాబు, ఇంగ్లీషులో ఆ వచనం రెండే మాటలు. గ్రీకు మూలంలో అక్షరాలు లెక్కపెడితే మొదటి థెస్సలొనీకయులకు 5:16 అంతకంటే చిన్నది. ఇక తెలుగులో నిర్గమకాండము 20:15 చూడండి: ‘దొంగిలకూడదు.’ ఒకే ఒక్క మాట. దాని ముందున్న వచనమూ ఒకే మాట. తెలుగులో పరీక్ష రాసేవారిని ఇంగ్లీషు జవాబు అడగడం ఎలా సబబు? పైగా కొత్త నిబంధనకు ఇప్పుడున్న వచన సంఖ్యలు 1551లో రాబర్ట్ ఎస్టియెన్ అనే ముద్రాపకుడు తన ప్రతిలో వేసినవి. అవి పుస్తకంలో దారి చూసుకోవడానికి పనికొచ్చే గుర్తులు. వాటి పొడవు తెలిసినంత మాత్రాన ఏ కథా తెలిసినట్టు కాదు.

సమాధానం: దీపస్తంభం

ఒలీవకొమ్మ గారు చెప్పినవాటితో ఏకీభవిస్తూ, మరో వైపు నుంచి ఒక హెచ్చరిక చేర్చుతాను. వ్యక్తుల మీద ప్రశ్నలు వేసేటప్పుడు అసలు ప్రమాదం ఒకే పేరు గలవారితో వస్తుంది. ఇతర భాషల నుంచి ప్రశ్నలు తెచ్చుకుంటే అది మరీ ఎక్కువ. ఇంగ్లీషులో పాత నిబంధనలోని పితరుడికి ఒక రూపం, కొత్త నిబంధనలోని శిష్యుడికి మరో రూపం ఉంటాయి. తెలుగులో ఇద్దరూ యాకోబులే. అలాగే యాకోబు నాలుగో కుమారుడు, యేసును అప్పగించిన ఇస్కరియోతు, పత్రిక రాసిన మరొకరు, ముగ్గురూ తెలుగులో యూదాలే. నిజానికి మూలభాషల్లోనూ అవి ఒకే పేర్లు కనుక తెలుగు అనువాదకులు చేసిందే సరైన పని. ప్రశ్న రాసేవారికి మాత్రం అదనపు జాగ్రత్త తప్పదు.

ఉదాహరణకు, అపొస్తలుల కార్యములలో యాకోబు గురించి అడగాలనుకుంటే, ఏ యాకోబు? జెబెదయి కుమారుడైన యాకోబును హేరోదు రాజు కత్తితో చంపించింది పన్నెండో అధ్యాయంలో. పదిహేనో అధ్యాయంలో యెరూషలేము సభలో లేచి తీర్పు చెప్పిన యాకోబు కచ్చితంగా అతడు కాదు. ఈ తేడా గుర్తించగలవారు పుస్తకాన్ని వరుసగా చదివినవారు. అది కఠిన స్థాయికి మంచి ప్రశ్న అవుతుంది. అదే పుస్తకంలో అననీయలు ముగ్గురున్నారు: పొలం అమ్మిన సొమ్ములో కొంత దాచుకున్న సప్పీరా భర్త, దమస్కులో సౌలు మీద చేతులుంచిన శిష్యుడు, పౌలును నోటిమీద కొట్టమన్న ప్రధాన యాజకుడు. ‘అననీయ ఎవరు?’ అని ఊరికే అడిగితే మూడు జవాబులూ ఒప్పే.

హేరోదులతో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. బేత్లెహేములో పసిపిల్లలను చంపించిన హేరోదు, బాప్తిస్మమిచ్చు యోహాను తల నరికించిన హేరోదు, ఇప్పుడు చెప్పిన యాకోబును చంపించిన హేరోదు వేర్వేరు తరాలవారు. మొదటివాడు తండ్రి, రెండోవాడు అతని కొడుకు అంతిపా, మూడోవాడు మనుమడు అగ్రిప్ప. పౌలు వాదన విన్న అగ్రిప్ప రాజు ఆ మూడోవాడి కొడుకు. దానియేలు గ్రంథంలోనైతే దానియేలుకు బబులోనులో పెట్టిన పేరు బెల్తెషాజరు, గోడ మీద రాత చూసి వణికిపోయిన రాజు పేరు బెల్షస్సరు. ఈ రెంటినీ ఒకే ప్రశ్నలో ఆప్షన్లుగా పెడితే మనం పరీక్షించేది కళ్లనే గానీ జ్ఞానాన్ని కాదు.

మరియల గురించి కాస్త వివరంగా చెప్పాలి. యేసు తల్లి, మగ్దలేనే మరియ, మార్తకు లాజరుకు తోబుట్టువైన బేతనియ మరియ, క్లోపా భార్య, మార్కు అనే యోహాను తల్లి, వీరంతా మరియలే. వీరిలో మగ్దలేనే మరియకు జరిగిన అన్యాయం పెద్దది. లూకా 8:2 ఆమెలోనుంచి ఏడు దయ్యాలు వదిలిపోయాయని చెబుతుంది. ఆమె వ్యభిచారిణి అని ఏ సువార్తా చెప్పలేదు. లూకా ఏడో అధ్యాయంలో యేసు పాదాలను కన్నీళ్లతో తడిపిన పేరు లేని స్త్రీని, బేతనియ మరియను, మగ్దలేనే మరియను ఒకే వ్యక్తిగా చేసి పోప్ మొదటి గ్రెగొరీ 591లో ఒక ప్రసంగం చేశారు. పాశ్చాత్య దేశాల్లో ఆ భావన వందల ఏళ్లు నిలిచిపోయింది. 1969లో రోమన్ కథోలిక సంఘం తన పండుగల పట్టికను సవరించినప్పుడు ఆ కలయికను వదిలేసింది. ఇప్పటికీ కొన్ని ప్రశ్నపత్రాల్లో ‘యేసు క్షమించిన వేశ్య ఎవరు?’ అని ఉంటోంది, జవాబుగా ఆమె పేరే ఉంటోంది. ఖాళీ సమాధిని చూసి, పునరుత్థానుడైన యేసును తోటమాలి అనుకుని, తన పేరు పెట్టి పిలవగానే గుర్తుపట్టిన స్త్రీ ఆమె. యోహాను ఇరవయ్యో అధ్యాయం నుంచి ఆ ప్రశ్న అడగండి, దయచేసి పాతదాన్ని తీసేయండి.

సమాధానం: గోధుమగింజ

పై ఇద్దరూ గ్రంథంలో లేనిదాన్ని ప్రశ్నల నుంచి పూర్తిగా తొలగించమంటున్నట్టు నాకు అనిపించింది. దానితో నేను ఏకీభవించలేను. మీది సామాన్య జ్ఞాన పరీక్ష. బైబిల్ కథలు ప్రపంచానికి చేరింది పుస్తకం ద్వారా మాత్రమే కాదు, శిల్పాలు, చిత్రాలు, పాటలు, నాటకాల ద్వారా కూడా. ఏదెను తోటలోని పండు ఏదో ఆదికాండము చెప్పదు. అది ఆపిల్ అన్న భావన లాటిన్ చదివే దేశాల్లో బలపడింది. లాటిన్‌లో ‘మాలుమ్’ అన్న మాట ఆపిల్‌కూ చెడుకూ రెంటికీ సరిపోవడం దానికి తోడ్పడింది. 1508 నుంచి 1512 వరకు సిస్టైన్ చాపెల్ పైకప్పు మీద బొమ్మలు వేసిన మైకెలాంజెలో మాత్రం అక్కడ అంజూరపు చెట్టును గీశాడు. ఇదంతా తెలుసుకోదగిన విషయమే కదా?

అదే మైకెలాంజెలో చెక్కిన మోషే విగ్రహం తల మీద రెండు కొమ్ములుంటాయి. నిర్గమకాండము 34లో మోషే సీనాయి కొండ దిగినప్పుడు అతని ముఖచర్మం ప్రకాశించిందని ఉంది. అక్కడి హెబ్రీ క్రియ ‘కొమ్ము’ అనే మాటతో సంబంధం ఉన్నది కావడంతో, జెరోము తన లాటిన్ అనువాదంలో కొమ్ములు గలదని రాశాడు. ఆ ఒక్క మాట రాతిలోకి ఎక్కి ఈనాటికీ రోము నగరంలో కనిపిస్తోంది. పౌలు దమస్కు దారిలో గుర్రం మీద నుంచి పడ్డాడనుకోవడం కూడా చిత్రకారుల చలవే. అపొస్తలుల కార్యములలో అతడు నేల మీద పడ్డాడని ఉంది, గుర్రం ప్రస్తావన ఎక్కడా లేదు.

కాబట్టి నా సూచన ఏమిటంటే, యాభైలో ఒక పది ప్రశ్నలను వేరు చేసి, వాటికి ‘సంప్రదాయంలో, కళల్లో’ అని శీర్షిక పెట్టండి. అక్కడ ముగ్గురు జ్ఞానులకు పాశ్చాత్య సంప్రదాయం పెట్టిన కాస్పరు, మెల్కియోరు, బల్తజారు అన్న పేర్లను నిశ్చింతగా అడగవచ్చు. పుస్తకం చదవని, వేరే మతాల నుంచి వచ్చిన అభ్యర్థులకు ఆ పది ప్రశ్నలే తలుపు తెరుస్తాయి.

ఆవగింజ (ప్రశ్న అడిగినవారు)

మీ ముగ్గురికీ కృతజ్ఞతలు. అతి చిన్న వచనం ప్రశ్నను తీసేశాను. ‘దొంగిలకూడదు’ అన్న వచనాన్ని ఎన్నో సార్లు చదివి కూడా అది ఒక్క మాటేనని గమనించలేదు. గోధుమగింజ గారు చెప్పినట్టు పది ప్రశ్నలను వేరు చేస్తున్నాను. ఇప్పుడు మిగిలిన సందేహం కఠినత గురించి. తేలిక ప్రశ్న, మధ్యస్థ ప్రశ్న, కఠిన ప్రశ్న అని విడదీసేటప్పుడు నేను ఇంతవరకు చేసిందల్లా తక్కువ తెలిసిన పేర్లను, పెద్ద అంకెలను కఠిన భాగంలో వేయడమే. మెతూషెల 969 ఏళ్లు బతికాడు, సొలొమోను మూడు వేల సామెతలు, 1005 కీర్తనలు చెప్పాడు, అలాంటివి. అవి సరైనవే కానీ, వాటికి జవాబు చెప్పినవారు కథ తెలిసినవారని నాకు నమ్మకం కలగడం లేదు.

సమాధానం: పాతచుట్ట

మీ అనుమానం సరైనదే. అంకె గుర్తుండడం వేరు, కథ తెలియడం వేరు. అయితే అంకెలన్నీ పనికిరానివి కావు. గిద్యోను దగ్గరికి వచ్చిన ముప్పై రెండు వేలమంది మూడు వందలమందికి తగ్గడంలో ఆ కథ సారమంతా ఉంది, కాబట్టి ఆ అంకె అడగదగినదే. తీసేస్తే కథకు ఏమీ లోటు రాని అంకెను మాత్రం వదిలేయండి.

కఠినతను పెంచడానికి అరుదైన పేర్ల వెంట పరుగెత్తనక్కరలేదు, అందరికీ తెలిసిన కథలోనే ఒక్కో మెట్టు లోపలికి దిగవచ్చు. అయిదు వేలమందికి ఆహారం పెట్టిన సంగతి చూడండి. రొట్టెలు ఎన్ని, చేపలు ఎన్ని అన్నది విన్నవారందరికీ తెలుసు. మిగిలిన ముక్కలు ఎన్ని గంపలు నిండాయన్నది కాస్త శ్రద్ధగా విన్నవారికి తెలుసు. నాలుగు సువార్తల్లోనూ ఈ కథ ఉన్నా, ఆ రొట్టెలు ఒక చిన్నవాడి దగ్గరున్నాయని, అవి యవల రొట్టెలని, అతణ్ని చూపించింది అంద్రెయ అని చెప్పింది ఏ సువార్త అని అడిగితే, నాలుగూ పోల్చి చదివినవారు మాత్రమే యోహాను అని చెప్పగలరు. నాలుగు వేలమందికి ఏడు రొట్టెలతో పెట్టిన మరో సందర్భం మత్తయిలోనూ మార్కులోనూ ఉంది కనుక, ప్రశ్నలో ‘అయిదు వేలమంది’ అన్న మాట తప్పక ఉండాలి.

అంతకన్నా మంచి ప్రశ్న మరొకటుంది. అది ఒక కథను ఇంకో కథకు కలిపే ప్రశ్న. నాకు ఎంతో ఇష్టమైన ఉదాహరణ చెబుతాను, కొంచెం ఓపికగా చదవండి. ఆదికాండము 27లో యాకోబు తన తండ్రి ఇస్సాకును మోసం చేశాడు. రిబ్కా అతనికి ఏశావు బట్టలు తొడిగి, చేతులకూ మెడకూ మేకపిల్లల చర్మం కప్పింది. చూపు తగ్గిన తండ్రి ఆ చేతులు తడిమి, ఆ బట్టల వాసన చూసి నమ్మాడు. ముప్పై ఏడో అధ్యాయానికి వచ్చేసరికి యాకోబు ముసలివాడయ్యాడు. అతని కుమారులు యోసేపును అమ్మేసి, మేకపిల్లను చంపి, ఆ రక్తంలో యోసేపు నిలువుటంగీని ముంచి తండ్రి దగ్గరికి పంపారు. మేక, అన్నదమ్ముడి బట్ట: తండ్రిని మోసగించడానికి అతడు వాడిన రెండు వస్తువులే ఇప్పుడు అతణ్ని మోసగించాయి. అది నీ కుమారుడి అంగీయో కాదో గుర్తుపట్టమని వారు అడిగారు.

వెంటనే తరువాతి అధ్యాయంలో, యోసేపును అమ్ముదామని సలహా ఇచ్చిన యూదా కథ వస్తుంది. ముసుగు వేసుకున్న తామారును తన కోడలని గుర్తుపట్టక, ఆమెతో గడిపినందుకు మేకపిల్లను పంపుతానని మాటిచ్చి, కుదువగా తన ముద్ర, దారం, చేతికర్ర ఆమె దగ్గర పెట్టాడు. తరువాత ఆమె గర్భవతి అని విని, ఆమెను చంపమని అతడే తీర్పు చెప్పినప్పుడు ఆమె వాటిని పంపి, ఇవి ఎవరివో గుర్తుపట్టమని అడిగింది. హెబ్రీలో ఆ రెండు చోట్లా ‘గుర్తుపట్టు’ అన్న మాట ఒకటే. తండ్రితో ఆ మాట అన్న కొడుకుల్లో ఒకడు ఇప్పుడు తానే ఆ మాట వినవలసి వచ్చింది. ఆమె తనకంటే నీతిమంతురాలని అతడు ఒప్పుకున్నాడు. అక్కడి నుంచి ఆ మనిషి మారుతూ వచ్చాడు. నలభై నాలుగో అధ్యాయంలో ఐగుప్తు అధికారి ఎదుట నిలబడి, తమ్ముడికి బదులు తాను బానిసగా ఉండిపోతానని బతిమాలింది ఈ యూదాయే. ఆ అధికారి యోసేపేనని అప్పటికి అతనికి తెలియదు.

ఇక ప్రశ్న: ‘యోసేపును అమ్ముదామని అన్నదమ్ములకు సలహా ఇచ్చి, తరువాత బెన్యామీనుకు బదులు తాను బానిసగా ఉంటానని ముందుకు వచ్చినది ఎవరు?’ ఇందులో అంకె లేదు, అరుదైన పేరు లేదు, మెలిక లేదు. రూబేను అని రాసేవారు చాలామంది ఉంటారు, ఎందుకంటే యోసేపును చంపకుండా కాపాడాలని చూసింది అతడే. కథను చివరిదాకా పట్టుకుని నడిచినవారే యూదా అని రాస్తారు. ఆప్షన్లు ఇచ్చేటట్లయితే యూదా, రూబేను, షిమ్యోను, లేవి అని ఇవ్వండి, ఎందుకంటే నలుగురికీ ఆ కథల్లో చెప్పుకోదగిన పాత్ర ఉంది. కథతో ఏ సంబంధమూ లేని పేరును ఆప్షన్‌గా పెడితే తెలియనివారు కూడా దాన్ని కొట్టేసి జవాబు ఊహించేస్తారు.

మెలిక ప్రశ్నల గురించి కూడా ఒక మాట. ‘మోషే ప్రతి జాతి నుంచి ఎన్ని జంతువులను ఓడలోకి ఎక్కించాడు?’ అనే ప్రశ్న మనోవిజ్ఞాన శాస్త్రంలో ప్రసిద్ధమైనది. 1981లో ఎరిక్సన్, మాట్సన్ అనే పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలో, ఓడ కట్టింది నోవహు అని తెలిసినవారు కూడా చాలామంది ‘రెండు’ అనే జవాబిచ్చారు. మోషే కూడా అదే గ్రంథానికి, అదే కాలపు ఊహకు చెందిన పెద్దమనిషి కావడంతో చదివేవారి మనసు ఆ పేరు దగ్గర ఆగదు. దీన్నిబట్టి తెలిసేదేమిటంటే, అలాంటి ప్రశ్నకు తప్పు జవాబిచ్చినవారికి కథ తెలియదని అనలేము. పరీక్షలో అలాంటివి పెట్టకండి.

ఇంకొక్క విషయం. పేర్లు అడిగేటప్పుడు, గ్రంథం ఎవరికి పేరు ఇచ్చిందో, ఎవరికి ఇవ్వలేదో చూడండి. నిర్గమకాండము మొదటి అధ్యాయంలో మగపిల్లలను చంపమని ఆజ్ఞాపించిన ఫరోకు పేరు లేదు. ఆ ఆజ్ఞను పాటించని ఇద్దరు మంత్రసానులకు, షిఫ్రాకు, పూయాకు, పేర్లున్నాయి. ఇది ఎవరినైనా ఆలోచింపజేసే ప్రశ్న అవుతుంది.

సమాధానం: ఒలీవకొమ్మ

పాతచుట్ట గారు చెప్పిన యూదా ప్రశ్నను నేను కూడా వాడుకుంటాను. ఇంతకుముందు రాయడం మరచిన ఒక సంగతి: ‘బైబిల్‌లో పుస్తకాలు ఎన్ని?’ అని మీ జాబితాలో ఉంటే, ప్రొటెస్టెంట్ బైబిల్‌లో 66, కథోలిక బైబిల్‌లో 73 అన్నది గుర్తుంచుకోండి. కొత్త నిబంధన ఇద్దరికీ 27 పుస్తకాలే. తేడా అంతా పాత నిబంధనలో ఉంది. మీ అభ్యర్థుల్లో రెండు సంఘాలవారూ ఉంటారు కనుక కొత్త నిబంధన గురించే అడగండి. అలాగే ఇస్కరియోతు యూదా ఎలా చనిపోయాడన్న ప్రశ్నకు మత్తయి 27కు ఒక కథనం, అపొస్తలుల కార్యములు 1కి మరో కథనం ఉన్నాయి. యెరికో దగ్గర చూపు పొందినవారు మత్తయిలో ఇద్దరు, మార్కులో బర్తిమయి ఒక్కడు. ఇలాంటి చోట్ల ప్రశ్నలోనే పుస్తకం పేరు రాయండి. జవాబుల పట్టికలో ప్రతి జవాబు పక్కన అధ్యాయం, వచనం రాసి, ఆ వచనానికి ముందు ఒక అధ్యాయం, వెనుక ఒక అధ్యాయం చదివాకే ప్రశ్నను ఖాయం చేయండి. నోవహు ప్రశ్న ఆ ఒక్క అధ్యాయం దగ్గరే జారిపోయింది.

ఆవగింజ (ప్రశ్న అడిగినవారు)

ఈ రెండు రోజులూ కూర్చుని యాభైలో పంతొమ్మిది ప్రశ్నలు మార్చాను. నోవహు ప్రశ్న ఇప్పుడు ఇలా ఉంది: ‘ఆదికాండము 7వ అధ్యాయం ప్రకారం, నోవహు ఏ రకమైన జంతువులను రెండేసికి మించి ఓడలోకి చేర్చాడు?’ జవాబు ‘పవిత్ర జంతువులు’. ఈ ప్రశ్నను పరీక్ష కంటే ముందే ఆ పెద్దావిడకు చూపించబోతున్నాను. చివరిగా ఒక్క సందేహం. ‘దేవుని పేరు ఒక్కసారి కూడా కనిపించని గ్రంథం ఏది?’ అన్న ప్రశ్నకు ఎస్తేరు అని జవాబు పెట్టుకున్నాను. ఇది నిలబడుతుందా?

సమాధానం: పాతచుట్ట

హెబ్రీ ఎస్తేరు గ్రంథం వరకే నిలబడుతుంది. కథోలిక బైబిల్‌లో ఉండే గ్రీకు అదనపు భాగాల్లో మొర్దెకై, ఎస్తేరు ఇద్దరూ దేవుణ్ని పేరుపెట్టి ప్రార్థిస్తారు. పరమగీతముల గురించి కూడా కొందరు ఇదే మాట అంటారు. ఒకే జవాబు ఉండాలంటే ఎస్తేరు నాలుగో అధ్యాయానికి వెళ్లి, ఇలా అడగండి: ‘పిలవకుండా రాజు ఎదుటికి వెళ్తే మరణశిక్ష అని తెలిసీ వెళ్లడానికి సిద్ధపడిన ఎస్తేరు, తన కోసం షూషనులోని యూదులను మూడు రోజులు ఏం చేయమని కోరింది?’ జవాబు ఉపవాసం. రెండు బైబిళ్లలోనూ అదే ఉంది.